ఏడ తాకింది?

సువార్త టీచర్ చనిపోయారు. పోయిన గురువారం ఉదయం, బడి గంట ఇంకా కొట్టకముందే, ఆమె అన్న దేవదానం సైకిలు మీద వచ్చి గేటు దగ్గర నిలబడి ఈ మాట చెప్పాడు. హాజరుపట్టీ చేతిలో పట్టుకుని నేను "ఏ సువార్త టీచర్?" అని అడిగాను. పద్నాలుగేళ్లుగా నాతో ఒకే బడిలో పనిచేసిన మనిషి. మా బడిలోనే కాదు, పటాన్‌చెరు చుట్టుపక్కల ఏ బడిలోనూ ఆ పేరుతో ఇంకొకరు లేరు. అయినా అడిగాను. కామెర్లని సెలవు పెట్టి నెలరోజులైంది, వచ్చే సోమవారం వస్తారని ఆమె కుర్చీ మీద దుమ్ము తుడిపించింది నేనే. సువార్త అన్న పేరు మోసిన మనిషి గురించి ఇంత చెడ్డ వార్త వినవలసి వస్తుందని నేను అనుకోలేదు.

శనివారం సంతాప సభ జరిగింది. మాది కర్మాగారం బడి. బొంబాయి రోడ్డు పక్కన పెద్ద యంత్రాలు తయారుచేసే కార్ఖానా, దాని కార్మికుల క్వార్టర్లు, ఆ పిల్లల కోసం ఈ బడి. కాబట్టి సభకు అన్ని రకాల పెద్దలూ వచ్చారు. హెడ్మాస్టరు గారు లేచి, "అంతటి బాధలోనూ ఆ తల్లి పెదవి విప్పలేదు. అదీ మనోనిబ్బరం!" అన్నారు. సంక్షేమాధికారి స్థితప్రజ్ఞురాలు అన్నారు. పాస్టరు గారు మౌనంగా సిలువ మోసిందన్నారు. ఎవరి మతం మాట వాళ్లు మాట్లాడారు కానీ ముగ్గురూ చెప్పింది ఒకే అబద్ధం. చివరకు ఒక తీర్మానం కూడా చేశారు. పిల్లలు చక్రాల బూట్లతో ఆడే గచ్చు దగ్గర ఆమె పేరున ఒక బోర్డు పెట్టాలి, దాని మీద "బాధను దాచిన ధీరమూర్తి" అని రాయించాలి. సంతాప సభలో చప్పట్లు మోగాయి.

నేను చప్పట్లు కొట్టలేదు. లేచి నిలబడి కాదని అనలేదు కూడా. ఇరవై ఏళ్లుగా దొరికిన వేదికనల్లా ఎక్కి వాదించినవాణ్ని, ఆ రోజు నోరు పెగల్లేదు. అప్పుడు అనని మాట ఇప్పుడు రాస్తున్నాను.

ముందుగా ఆమె ఎట్లా పోయారో చెప్పాలి. ఆమెకు రొమ్ములో గడ్డ లేచింది. ఈ మాట అచ్చులో వద్దని ఇద్దరు పెద్దమనుషులు నాకు సలహా ఇచ్చారు. "దీర్ఘవ్యాధి అంటే సరిపోతుంది కదా, ఆడమనిషి విషయం" అన్నారు. కాలికి మేకు గుచ్చుకుంటే కాలు అని రాస్తాం, కంటిలో నలుసు పడితే కన్ను అని రాస్తాం. మనందరికీ పాలిచ్చి పెంచిన అవయవం పేరు మాత్రం రాయకూడదు! ఈ రాయకూడదు, చెప్పకూడదు, చూపించకూడదు అన్నవే ఆమెను చంపాయి. గడ్డ పనిని సులువు చేసినవాళ్లం మనం. అందుకే అయ్యలారా, రొమ్ము అని రాస్తున్నాను. మీ పత్రిక మూసి పక్కన పెట్టదలచుకుంటే పెట్టండి.

ఇక ఆమె ఎవరో తెలియని వాళ్లకోసం. సువార్త టీచర్ మా డ్రిల్లు టీచరు. సంగారెడ్డి దగ్గరి పల్లెలో పుట్టి, తల్లి పోతే మిషను హాస్టల్లో పెరిగారు. అక్కడి దొరసాని ఒకామె సీమ నుంచి తెచ్చుకున్న చక్రాల బూట్లతో వరండా మీద తిరుగుతుంటే చూసి, పని అయ్యాక అడిగి తొడుక్కుని, పడి లేచి నేర్చుకున్నారు. దొరసాని వెళ్లిపోతూ ఆ జత ఆమెకే ఇచ్చి వెళ్లింది. అరవైల నడుమ, కార్ఖానా ఇంకా సగమే లేచిన రోజుల్లో, బడిలో చేరారు. వచ్చిన వారంలోనే ఆమె కంట పడింది ఆ గచ్చు. ఏదో షెడ్డు కోసం నున్నగా సిమెంటు పోసి, ఆ తరువాత ఆ షెడ్డే అక్కర్లేదనుకుని వదిలేశారు. పని లేని గచ్చు, పాత చక్రాల బూట్ల జత, పదిమంది పిల్లలు. అక్కడి నుంచి మొదలైంది. తరువాత తరువాత కార్ఖానా టర్నర్లే ఖాళీ సమయంలో లేతు యంత్రం మీద చక్రాలు చెక్కి ఇచ్చేవారు.

ఈ ఆట అంటే వేగంగా ఉరకడం కాదు. పోటీలో రెండు భాగాలుంటాయి. మొదటిది, గచ్చు మీద గీసిన ఎనిమిది అంకె మీద ఒంటికాలితో, గీత తప్పకుండా జారుకుంటూ పోవాలి. రెండోది, పాటకు తగ్గట్టు తిరుగుతూ, దుముకుతూ ఆడాలి. వేల మంది చూస్తుండగా గచ్చు నడిమధ్యన ఒక్కతే పిల్ల. పడితే అందరికీ కనిపిస్తుంది. పడ్డాక కూడా పాట ఆగదు.

ఆ ఎనిమిదిని టీచర్ మేకు, తాడు పెట్టి ముగ్గుపిండితో గీసేవారు. అక్కడే వచ్చింది చిక్కు. పటేల్‌గూడ నుంచి నడిచివచ్చే అనసూయ అనే పిల్ల ఎంత చెప్పినా ఆ గీత మీద చక్రం పెట్టదు. పక్కనుంచి పోతుంది, అడ్డం వస్తే కాలెత్తి దాటుతుంది. దాని తండ్రి మల్లేశం, భూమి కార్ఖానా కిందికి పోతే అదే కార్ఖానాలో పనికి చేరిన రైతు. పిల్ల మొద్దని అనుకున్నాన్నేను. టీచర్ అడిగితే గానీ సంగతి బయటపడలేదు.

"ముగ్గు తొక్కితె అమ్మ కొడ్తది టీచర్."

నేనైతే మూఢాచారం మీద ఒక ఉపన్యాసం ఇచ్చి ఉండేవాణ్ని. ఆమె తల్లి బాలమణిని పిలిపించారు. ముగ్గుపిండి చేతికిచ్చి రెండు సున్నాలు కలిపి వేయమన్నారు. బాలమణి కొంగు నడుముకు చెక్కి, తాడూ లేదు మేకూ లేదు, వంగి ఒక్క ఊపున వేసేసింది.

"ఇప్పుడు ఇదే ముగ్గు నీ బిడ్డ కాలితోని ఏస్తది బాలమణీ. తొక్కుడు కాదిది, మల్ల ఏసుడు."

"కాలితోని ముగ్గా! గిదేం ఇద్య టీచరమ్మా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది బాలమణి. ఆ రోజు నుంచి గచ్చు మీద ఎనిమిది వేసే పని ఆమెదే. పిల్ల ఇక గీత తప్పలేదు.

గచ్చు దగ్గర రెండు మాటలు నిషిద్ధం. ఒకటి 'పైలం', అంటే జాగ్రత్త. మన దగ్గర ఈ మాట లేకుండా ఎవరినీ గడప దాటనివ్వం. బస్సెక్కితే పైలం, బాయికాడికి పోతే పైలం. పిల్లలు చక్రాల మీద తిరుగుతుంటే తల్లులు గచ్చు అంచున నిలబడి "పైలం బిడ్డా, పైలం" అని అరిచేవారు. టీచర్ వాళ్లను తీసుకువెళ్లి కాంపౌండు గోడ అవతల నిలబెట్టారు.

"మీరు పైలం అంటె పిల్ల కాళ్ల దిక్కు సూస్తది. కాళ్ల దిక్కు సూసిన పిల్ల కిందనే పడ్తది. ప్రేముంటె ఇంటికాడ పప్పు వండుర్రి. ఈడ నోరు మూసుకోర్రి."

ఒకసారి పిల్లవాడు తూలుతుంటే నా నోట్లోంచే ఆ మాట వచ్చేసింది. "సారు, మీరు గూడ గోడవతలికి" అన్నారు. వెళ్లాను. తల్లుల మధ్య నిలబడి గోడ మీదుగా మెడ సాచి చూశాను.

రెండో నిషిద్ధపు మాట 'ఏం కాలే', ఏమీ కాలేదు అని. నా ఈ వ్యాసమంతా దీని గురించే.

ఆమె దగ్గర మొదటి పాఠం నిలబడటం కాదు, పడటం. పడ్డ పిల్ల దగ్గరికి ఎవరూ పరుగెత్తకూడదు. అయ్యో అనకూడదు. టీచర్ ఉన్నచోటి నుంచే ఒక్క మాట అడుగుతారు: "ఏడ?" ఎక్కడ తాకింది అని. పిల్ల చెప్పాలి, మోకాలు అనో, మోచెయ్యి అనో, తుంటి అనో. చెప్పాక లేవాలి. లేచాక, పడ్డ చోటనే, పడ్డ పనే మళ్లీ చెయ్యాలి. "ఏం కాలే" అన్న పిల్ల ఆ రోజుకు బూట్లు విప్పి పక్కన కూర్చోవాలి. పడ్డందుకు ఎప్పుడూ శిక్ష లేదు, దాచినందుకే శిక్ష.

ఇదేమి పద్ధతి అని అడిగాను ఒకసారి. వాదనకు దిగే ఉద్దేశంతోనే అడిగాను.

"సూడుర్రి సారు. ఏడ తాకిందో చెప్పకపోతె ఒళ్లంత తాకినట్టే ఉంటది. భయం ఒళ్లంత పాకుతది. మోచెయ్యి అని చెప్పిందనుకోర్రి, అంటె మోచెయ్యి తప్ప మిగతాదంత మంచిగనే ఉన్నట్టు గద. ఇగ ఆ మంచిగున్న ఒంటితోని ఆడుతది."

మనోబలం గురించి పెద్ద పెద్ద గ్రంథాలు తిరగేశాను నేను. ఇంత సూటిగా చెప్పినవారు నాకు దొరకలేదు. ధైర్యమంటే ఆమె దృష్టిలో ఓర్చుకోవడం కాదు, లెక్క తేల్చుకోవడం. నొప్పికి చిరునామా కనిపెట్టి దాన్ని ఆ ఇంట్లోనే ఉంచడం.

పోటీకి పదిరోజుల ముందు అనసూయ మణికట్టు మీద పడింది. పోటీ పోతుందన్న భయంతో "ఏం కాలే" అంది. బూట్ల తాళ్లు ఒంటిచేత్తో కట్టుకోవడం టీచర్ చూశారు. ఆ రోజుతో పోనివ్వలేదు, వారం రోజులు బూట్లు తీసేసుకున్నారు. సాయంత్రానికి మల్లేశం పరుగెత్తుకొచ్చాడు.

"పోటీ ముంగట గిట్ల చేస్తె ఎట్ల టీచరమ్మా? నా బిడ్డ గుండె గట్టిది. ఎంత నొప్పయినా ఓర్సుకుంటది."

"ఓర్సుకునుడు నీ ఎద్దుకు గూడ వస్తది మల్లేశం. చెప్పుడు మనిషికే వస్తది. గుండె గట్టిదైతె నోరు తెరవమను."

 ఈ మాట నా చెవులతో నేను విన్నాను. 'బాధను దాచిన ధీరమూర్తి' అని తీర్మానించిన పెద్దలు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఈ మాట మళ్లీ చదవాలని కోరుతున్నాను.

ఆమె భక్తురాలు. నేను దేవుణ్ని నమ్మనివాణ్ని. పద్నాలుగేళ్లు పోట్లాడుకున్నాం. పోటీకి బయలుదేరే రోజున మల్లేశం కొత్త లారీకి పెట్టినట్టు కూతురి చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. ఒక చక్రం తొక్క మీద జారి పిల్ల వెల్లకిలా పడబోయింది. నేను పట్టరాని కోపంతో మల్లేశాన్ని నిలబెట్టి, నిమ్మకాయకూ చక్రానికీ సంబంధమేమిటని అరగంట సేపు వాయించాను. అతను తల వంచుకుని విన్నాడు. ఈలోగా టీచర్ చీపురు తెచ్చి తొక్కలు ఊడ్చేశారు. నా ప్రసంగం పూర్తయ్యాక అన్నారు:

"నేను ప్రార్థన చేసుకున్న. మల్లేశం నిమ్మకాయ పెట్టిండు. మీరు లెక్చరిచ్చిండ్రు. ఎవరి తృప్తి వాళ్లకైంది. పిల్ల మాత్రం పొద్దుగాల సంది ఒక్క ఎనిమిది గూడ ఏయలే. జెర జరుగుతరా?"

జరిగాను. ఏం చేస్తాను?

హైదరాబాదులో పోటీ. పిల్లల్లో చాలామంది నగరంవాళ్లు, కొత్త బూట్లు, మెరిసే బట్టలు. మా అనసూయ చక్రాలు లేతు మీద చెక్కినవి, గౌను బాలమణి పెళ్లి చీర చెంగు. ఎనిమిది అంకె మీద గీత తప్పకుండా వచ్చింది. తరువాత పాట మొదలైంది. రెండో దుముకులో దభీమని పడింది.  పాట సాగుతూనే ఉంది. గచ్చు అంచు నుంచి మా టీచర్ గొంతు ఖణేల్మంది.

"ఏడ?"

"మోచెయ్యి!" అని అరిచింది అనసూయ, కూర్చున్న చోటి నుంచే. జనం గొల్లుమన్నారు. పక్కనున్న నిర్వాహకుడు, కోస్తా నుంచి వచ్చినాయన, మండిపడ్డాడు.

"అదేంటమ్మా, పడ్డ పిల్లని పట్టుకుని ఏడవమంటారు?"

"ఏడవమనలేదండీ, ఎక్కడ అని అడిగారు" అని నేను సర్దిచెప్పేలోపే పిల్ల లేచింది. పాటను అందుకుంది. అదే మూలకు వెళ్లి అదే దుముకు మళ్లీ దుమికింది. ఈసారి నిలబడింది. నవ్విన జనమే చప్పట్లు కొట్టారు.

నాలుగో స్థానం వచ్చింది. పతకాలు ముగ్గురికే. తిరుగు బస్సులో పిల్ల అడిగింది:

"టీచర్, నాలుగంటె ఓడినట్టే గద?"

"ఓడినట్టే" అన్నారు టీచర్. లేదమ్మా, నువ్వు మనసులు గెలిచావు అన్న చెత్త మాటలేవీ లేవు. తరువాత "ఏడ?" అన్నారు.

 బస్సు బాలానగర్ దాటాక పిల్ల చెప్పింది. "దుంకేటప్పుడు భుజం ముందుగాల్ల పోయింది టీచర్."

"దొరికింది గద. రేపు భుజం సంగతి సూద్దాం. ఇగ పండుకో."

ఆ బస్సులో ఆమె కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు, నిద్రపోతున్న పసిపిల్లను పట్టుకున్నట్టు. నేను ఎదుటి సీట్లోనే ఉన్నాను. చూశాను. అప్పటికి గడ్డ ఆరునెలలదట. చూడటం వేరు, అడగటం వేరు.

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి. మిగతావాళ్లను తిట్టి నన్ను నేను తప్పించుకుంటే ఈ రాతకు విలువ లేదు.

అంతకు ముందు వర్షాకాలంలో, గచ్చు మీద నీళ్లు తోడిస్తూ ఆమె నన్నడిగారు:

"సారు, మీరు సైన్సు చెప్తరు గద. నొప్పి లేని గడ్డకు భయం లేదంటరు మావోళ్లు. నిజమేనా?"

నా ప్రాణం లేచివచ్చింది. ఖండించడానికి ఒక మూఢనమ్మకం దొరికింది! నొప్పి లేని గడ్డనే ముందుగా డాక్టరుకు చూపించాలని, నొప్పి ప్రమాదానికి కొలత కాదని, మనవాళ్ల అజ్ఞానం ఇట్లాగే ప్రాణాలు తీస్తోందని చెప్పాను. ఉదాహరణలతో చెప్పాను. గచ్చు ఆరిపోయేదాకా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని "గట్లనా" అన్నారు. ఆట మొదలుపెట్టడానికి ఎప్పుడూ కుడిచెయ్యి పైకెత్తే మనిషి, ఎడమచెయ్యి ఎత్తారు.

"ఏంది టీచర్, వామపక్షంల చేరిండ్రా?" అని నవ్వాను.

"కుడిది అలిసింది సారు" అని ఆమె కూడా నవ్వారు.

నేను ఆ రోజు చెప్పినదాంట్లో ఒక్క తప్పు లేదు. సైన్సు ప్రకారం అక్షరాలా నిజం. కానీ గడ్డ ఎవరికి, ఎక్కడ అని అడగాలన్న జ్ఞానం నాకు లేకపోయింది. పద్నాలుగేళ్లు ఆ గచ్చు అంచున కూర్చుని, పదేళ్ల పిల్లలు కూడా నేర్చుకున్న ఒక్క మాట నేర్చుకోలేకపోయాను. మల్లేశం నిమ్మకాయకూ నా ఉపన్యాసానికీ తేడా ఏమిటో ఇవాళ నాకు ఎవరైనా చెప్పగలిగితే సంతోషిస్తాను.

అంత విన్నాక కూడా ఆమె ఎందుకు దాచారు? దేవదానాన్ని అడిగాను. ఒకసారి ఆసుపత్రి దాకా వెళ్లిందట. వరుసలో మా బడి పిల్లల తల్లులు ఇద్దరు కనిపించారు. లోపల ఉన్నది మగ డాక్టరు. "కామెర్లకు మందు తీసుకపోదామని వచ్చిన" అని వాళ్లకు చెప్పి తిరిగి వచ్చేసింది. పోటీ అయినంక చూద్దామంది. పోటీ అయ్యాక పరీక్షలు అయినంక అంది. జాకెట్టుకు రక్తం అంటుకున్న రోజున వదిన చూసి ఏడిస్తే గానీ ఇంట్లో తెలియలేదు. అప్పటికి చెయ్యి దాటిపోయిందట.

టీచర్, మీ మీద నాకు కోపంగా ఉంది. చచ్చిపోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. చెప్పను. పిల్లలకో న్యాయం, మీకో న్యాయమా? మణికట్టు దాచిన పిల్లకు వారం రోజులు బూట్లు తీసేశారే, ఏడాది పాటు దాచిన మీకు ఎవరు బూట్లు తీయాలి? ఎద్దుకు కూడా వచ్చేది ఓర్చుకోవడం అని మల్లేశం నోరు మూయించారే, మీరు చేసిందేమిటి? ప్రార్థన మిమ్మల్ని చంపిందని నేను అనను. నాకు అనాలని ఉంది, కానీ అది నిజం కాదు. మిమ్మల్ని చంపింది సిగ్గు. మీరు దాన్ని పుట్టుకతో తెచ్చుకోలేదు, మేమందరం కలిసి మీకు నేర్పాం.

సంతాప సభ అయిన మరునాడు, ఆదివారం సాయంత్రం, కాళ్లు నన్ను గచ్చు దగ్గరికి ఈడ్చుకెళ్లాయి. టీచర్ లేకపోయినా పిల్లలు వచ్చి ఆడుకుంటున్నారు. బాలమణి వేసిన ఎనిమిది ఉంది. నేను చూస్తుండగానే అనసూయ పడింది. మోకాలు గచ్చుకు కొట్టుకున్న చప్పుడు నాదాకా వినిపించింది. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగే మనిషి లేదు. పిల్ల గబుక్కున లేచి, నన్ను చూసి నవ్వి అంది:

"ఏం కాలే సార్."

పద్నాలుగేళ్లలో ఆ గచ్చు మీద ఆ మాట అంత గర్వంగా ఎవరూ అనగా వినలేదు.

"గట్ల అనొద్దు గద బిడ్డా?"

"టీచర్ గూడ చెప్పలే గద సార్. హెడ్మాస్టర్ సారు అన్నడు. గదే ధైర్యమన్నడు."

నాకు ఒళ్లు మండింది, పిల్ల మీద కాదు. పద్నాలుగేళ్ల చదువును ఒక్క శనివారం సాయంత్రం మూడు ఉపన్యాసాలు తుడిచేశాయి. రేపు ఆ బోర్డు కూడా లేస్తే, ఈ పిల్ల మణికట్టు దాస్తుంది. పెద్దయ్యాక అన్నీ దాస్తుంది. దాచి దాచి ఒకరోజు దీనికీ సంతాప సభ పెడతారు, స్థితప్రజ్ఞురాలంటారు.

ఆ గచ్చు మీద కూర్చున్నాను. నా పంచె నిండా ముగ్గుపిండి.

"చెప్పలేదు బిడ్డా. అందుకే చచ్చిపోయింది."

పిల్ల ముఖంలో నవ్వు పోయింది. పసిదానితో అట్లా అనవచ్చునా అని మీరు అడగవచ్చు. అబద్ధం చెప్పవచ్చునా అని నేను అడుగుతాను.

"ఏడ తాకింది?" అన్నాను.

వచ్చి నా ఎదురుగా నిలబడింది. తరువాత "మోకాలు" అంది. గౌను కొంచెం ఎత్తి చూపించింది. చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. మట్టి కూడా పట్టింది. కడిగాను. ఆపైన నేను చెప్పకుండానే బూట్లు విప్పి గోడ పక్కన పెట్టి కూర్చుంది. ఏం కాలే అన్నందుకు ఆ రోజుకు ఆట లేదు. అది చట్టం.

నేను సైకిలు తీసుకుని నేరుగా పటాన్‌చెరు వెళ్లాను. బోర్డులు రాసే ఖాదర్ కొట్టు తెరిచే ఉంది. నీలం రంగు రేకు మీద తెల్లటి అక్షరాలు. పైన టీచర్ పేరు రాసేశాడు. కింద "బాధను దాచి" దాకా రాసి, కుంచె డబ్బాలో పెట్టి చాయ్ తాగుతున్నాడు.

"ఆపు ఖాదర్ భాయ్. మాట మారింది."

"సగం రాసిన గద సారు! మల్ల మొత్తం తుడవాల్నా?"

నేను బోర్డు వంక చూశాను. తుడవనక్కర్లేదు. 'చి' మీద గుడి ఒక్కటి తీసేసి, పక్కన 'కు' రాస్తే చాలు.

"ఆ గుడి తీసెయ్యి."

ఖాదర్ చాయ్ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. నా సంగతి ఊరందరికీ తెలిసిందే.

"ఇన్నేళ్ల సంది మీటింగులల్ల గుళ్లొద్దు గుళ్లొద్దు అంటిరి. ఆఖరికి ఒక్కటి దొరికింది మీకు. తీస్త గని సారు, గుడి తీసింది ఖాదరని ఏడ చెప్పకుర్రి, పరేషాన్ అయితది" అని నవ్వి, గుడ్డకు కిరోసిన్ తడిపి గుడి తుడిచేశాడు. కుంచె తీసి 'కు' రాశాడు. "ఇగ తర్వాత?" అన్నాడు.

"ఇంకేం లేదు. అంతే."

జీవితమంతా వాదించి నేను తీయించగలిగింది ఆ ఒక్క గుడే. దానికి నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు.

సోమవారం ఉదయం బోర్డు గచ్చు దగ్గర నిలబెట్టాం. మేకులు మల్లేశం కొట్టాడు. మధ్యాహ్నానికి హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, సభ ఏకగ్రీవంగా చేసిన తీర్మానాన్ని నేను ఏ అధికారంతో మార్చానో వారం లోపల రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. ప్రేమించిన మనిషిని పెద్ద మాటలతో కప్పేస్తే దుఃఖం తగ్గుతుందనుకునే అమాయకుడు. అయ్యా, పైన రాసినదంతా నా సంజాయిషీ. ఇంతకు మించి అధికారం నాకేమీ లేదు. ఆ బోర్డు తీసేయదలచుకుంటే మీరే వచ్చి తీయండి. గచ్చు మీద పిల్లలుంటారు. ఎందుకు తీస్తున్నారో వాళ్లకు చెప్పి తీయండి.

సువార్త టీచర్ చోటు నిండదు. కొత్త డ్రిల్లు టీచరు వస్తారు, ఈల ఊదుతారు. కార్ఖానా మనసు మార్చుకుంటే ఆ గచ్చు మీద షెడ్డు కూడా లేవవచ్చు. పడ్డ పిల్ల దగ్గరికి పరుగెత్తకుండా, అయ్యో అనకుండా, శభాష్ అనకుండా, ఒక్క మాట అడిగి దాని జవాబు కోసం ఓపిగ్గా నిలబడే మనిషి మాత్రం మాకు మళ్లీ దొరకదు. పరలోకం ఉందని నేను నమ్మను. ఆమె నమ్మేవారు. ఆమె నమ్మిందే నిజమైతే, నా మాట అక్కడికి చేరుతుందన్న ఆశ ఈ ఒక్కసారికి నాకు ఉండనివ్వండి. పూలదండ వేయలేదు, దీపం పెట్టలేదు. నా నివాళి, ఆ వర్షాకాలం సాయంత్రం గచ్చు అంచున నేను అడగవలసి ఉండి అడగని మాట. ఏడాది ఆలస్యంగా అడుగుతున్నాను.

ఏడ తాకింది, టీచర్?